అమ్మమ్మ అడిగిన కాగితాలు

ఈసారి జులై రెండో వారంలో దిగాం ఊళ్ళో. గోదాట్లో ఎర్రనీరొచ్చేసింది, కాలవలు నిండుగా పారుతున్నాయి, రావులపాలెం దాటి కొత్తపేట మీదుగా అంబాజీపేట వచ్చేదాకా మా పిల్లలు కారు అద్దాలు దించుకుని కూర్చున్నారు. మా అమ్మకి ఒక అలవాటుంది, మేం స్నానాలు చేసొచ్చేలోపు సూట్‌కేసులు విప్పేసి బట్టలన్నీ ఆవిడ మడతల్లోకి మార్చేసి బీరువాలో సర్దేస్తుంది, వద్దన్నా వినదు. అలా సర్దుతూ మా పెద్దదాని జీన్స్ ప్యాంట్ల మధ్యలోంచి ఒక పుస్తకం తీసి, కొంగుతో తుడిచి, టీవీ పక్కన పెట్టింది. చదువుకునే పుస్తకమేమో అని. సరిగ్గా అప్పుడే మా వదిన కాఫీ గ్లాసులు పట్టుకొచ్చింది. వదిన హైస్కూల్లో తెలుగు టీచరు, ఇంగ్లీషు కూడా గడగడా చదివేస్తుంది, అట్ట వెనకాల నాలుగు లైన్లు చదివి గ్లాసు కింద పెట్టి నా మొహంలోకి చూసింది చూడండీ, నేనే ఏదో చేసి దొరికిపోయినట్టు అయిపోయింది నాకు.

"ఇది నువ్వు చూసే కొనిచ్చావా అమ్మాయ్?"

"స్కూల్లో ఇచ్చుంటారు వదినా" అనేశాను. అబద్ధం. అసలా పుస్తకం దాని దగ్గరుందనే నాకు తెలీదు.

పుస్తకం పేరు ఫరెవర్. రాసినావిడ జూడీ బ్లూమ్. 1975లో వచ్చింది, అంటే మా అన్నయ్య పుట్టిన ఏడాది, కొత్త పిచ్చి ఏమీ కాదన్నమాట. హైస్కూలు ఆఖరి ఏడాది చదివే ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, మొదటి ప్రేమ, ఆ తర్వాత ఇద్దరి మధ్యా జరిగేదంతా చుక్కలు పెట్టి దాటెయ్యకుండా రాసింది. అందుకే అమెరికాలో లైబ్రరీల్లోంచి తీసెయ్యండి అని జనం కంప్లైంట్లు పెట్టిన పుస్తకాల్లో ఏళ్ళ తరబడి దీని పేరు ఉంటూనే ఉంది. పైగా కథ జరిగేది న్యూజెర్సీలోనే, వెస్ట్‌ఫీల్డ్ అని, మేముండే ఎడిసన్ నుంచి కారులో అరగంట కూడా పట్టదు. ఎవరో ఎక్కడో దూరదేశం వాళ్ళ గోల అని దులిపేసుకోడానికి కూడా లేదు నాకు.

రాత్రి డాబా మీద పక్కలు వేశాక మెల్లిగా అడిగాను దాన్ని. అరవకూడదు అనుకునే మొదలెట్టాను. అది చాలా కూల్‌గా "అమ్మా, నువ్వే కదా హెల్త్ క్లాస్‌లో నుంచి నన్ను తీసేశావ్, అందుకే బుక్ చదువుతున్నా" అంది. నిజమే. న్యూజెర్సీలో హెల్త్ క్లాసులో ఆ పాఠం మా పిల్లకి వద్దు అని పేరెంట్స్ రాసిస్తే ఆ పిల్లని ఆ గంట వేరే గదిలో కూర్చోబెడతారు. ఇది మిడిల్ స్కూల్లో ఉన్నప్పుడు నేనే రాసిచ్చాను, మాకు తెలిసిన తెలుగు వాళ్ళందరూ రాసిచ్చారు, ఒకావిడ లెటర్ టైప్ చేస్తే మిగతా అందరం కాపీ కొట్టాం. ఇంట్లో నేను చెప్పుకుంటాలే అనుకున్నాను. చెప్పానా అంటే, లేదు. బట్టలు జాగ్రత్త, తలుపేసుకో, అబ్బాయిలతో మాటలెందుకు, ఇవి చెప్పాను. అది చెప్పడం అవదు కదా.

మా ఆయన అక్కడే ఉండిపోయాడు, లీవు లేదు. ఫోన్ చేసి చెప్తే "పుస్తకమే కదా, ఫోనులో చూసేదానికన్నా వంద రెట్లు నయం" అన్నాడు. ఏ విషయమైనా ఫోనుతో పోల్చి తేల్చేస్తాడాయన.

మర్నాడు మధ్యాహ్నం మా పిన్ని కూతురు కాకినాడ నుంచి వచ్చింది, గైనకాలజిస్టు. దానికి పుస్తకం సంగతి వదిన ముందే చెప్పేసినట్టుంది, వస్తూనే "ఏదే ఆ పుస్తకం" అంది. మొత్తం చదవలేదు గానీ ఒక గంటలో ముఖ్యమైన చోట్లన్నీ చూసేసింది, డాక్టర్లు అంతేనేమో. దాని కంప్లైంటు వేరు. "ఇది ఎయిడ్స్ రాకముందు రాసిందక్కా, అమ్మాయి క్లినిక్‌కి వెళ్ళి మాత్రలు తెచ్చుకుంటే ఇంక అన్నీ అయిపోయినట్టే ఉంటుంది ఇందులో" అని. తర్వాతి ఎడిషన్లలో రచయిత్రి ముందుమాట పెట్టి రోగాల సంగతి చెప్పిందట, అది చూపిస్తే "ముందుమాట ఎవడు చదువుతాడే" అని నవ్వింది. ఆ తర్వాత నవ్వలేదు. "ఇందులో పిల్ల తిన్నగా క్లినిక్‌కి పోయింది, డాక్టరు మాట్లాడింది, పంపించింది. ఇక్కడ పద్దెనిమిది నిండని పిల్ల కడుపుతో నా దగ్గరికొస్తే నేను పోలీసులకి చెప్పి తీరాలి, 2012 పోక్సో చట్టం. అది తెలిసి చాలామంది అసలు రానే రారు, ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు, లేదా మెడికల్ షాపులో ఏదో కొని మింగుతారు, ఐదో నెల వచ్చాక తీసుకొస్తారు నా దగ్గరికి."

మా పెద్దది అక్కడే మామిడి తాండ్ర నములుతూ కూర్చుంది. ఇష్టపడి దగ్గరవడానికి చట్టం ఒప్పుకునే వయసు న్యూజెర్సీలో పదహారు, ఇక్కడ పద్దెనిమిది, అయితే విమానం ఎక్కితే మారిపోతుందా లా, అంది. "ఇక్కడ కూడా మొన్నమొన్నటి దాకా పదహారేనే" అంది మా చెల్లెలు. నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలీదు, నిజంగా.

వదిన ఊరుకోలేదు. పిల్లలకి ఆలోచన లేనిదాన్ని మనమే పెడుతున్నాం అని ఆవిడ వాదన, దానికి నేను పూర్తిగా కాదనలేను కూడా. కానీ ఆవిడ ఎంఏ తెలుగు, ప్రబంధాల్లో వర్ణనలు బోర్డు మీద రాసి మరీ అర్థాలు చెప్పించుకుని చదివింది, అదే అన్నాను. "అది శృంగార రసం అమ్మా, దానికీ దీనికీ పోలికేంటి" అంది. అప్పుడు నేను ముద్దుపళని పేరెత్తాను. పద్దెనిమిదో శతాబ్దం, తంజావూరు, ఒక ఆడది రాధ కోరికని తెలుగు పద్యాల్లో రాసుకుంది, రాధికాసాంత్వనము. మన రాజమండ్రి కందుకూరి వీరేశలింగం గారు, వితంతువులకి పెళ్ళిళ్ళు చేసిన మనిషి, ఆయనే అది ఆడవాళ్ళ చెవిన పడకూడని పుస్తకమని తిట్టారు. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ గారు వెతికి పట్టుకుని పూర్తి పాఠం అచ్చు వేయిస్తే తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది, 1947 దాకా ఆ నిషేధం ఎత్తెయ్యలేదు. "సంస్కర్తే అలా అన్నాడంటే మీరన్నదాంట్లో వింతేం లేదు వదినా" అన్నాను, వెటకారం కాదు, నిజంగానే అన్నాను. ఆవిడకి కోపం వచ్చింది. పులస పులుసు దగ్గర కూడా మాట్లాడలేదు, ముక్క మాత్రం నాకు పెద్దదే వేసింది.

ఇంత మాట్లాడిన నేను అప్పటికి పుస్తకం చదవలేదండీ. ఆ రాత్రి దోమతెరలో ఫోన్ లైటు పెట్టుకుని చదివాను. కొన్ని చోట్ల నవ్వొచ్చింది, కొన్ని పేజీలు గబగబా తిప్పేశాను, తల్లిదండ్రులు మరీ అంత మంచివాళ్ళేంటి అని చిరాకొచ్చింది, భాష కూడా సాదాసీదాగా ఉంది, గొప్ప నవల అని నేను అనను. కానీ చివర్లో ఏం జరుగుతుందంటే, ఆ అమ్మాయి సమ్మర్ క్యాంపులో టెన్నిస్ నేర్పడానికి వెళ్తుంది, అక్కడ ఇంకొకతను నచ్చుతాడు, జన్మంతా అనుకున్న ప్రేమ ఇలా చల్లారిపోయిందేంటి అని దానికే ఆశ్చర్యం, అబ్బాయికి చెప్పేస్తుంది, అతను బాధపడతాడు, ఎవరి దారిన వాళ్ళు పోతారు. అంతే. మధ్యలో తాతగారు పోతారు, అయితే జబ్బు చేసి పోతారు, మనవరాలు పరువు తీసిందని కాదు. చుట్టుపక్కల పిల్లలకి కష్టాలు లేవని కాదు, కానీ ఈ పిల్లని ఎవరూ శిక్షించరు, కథ కూడా శిక్షించదు. రచయిత్రి కూతురు టీనేజీలో ఉన్నప్పుడు అడిగిందట, ఇద్దరు మంచి పిల్లలు దగ్గరయ్యాక ఎవరో ఒకరు చావాల్సిన అవసరం లేని కథ ఒకటి రాయమ్మా అని. అందుకే రాసిందట.

అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. మేం చదువుకున్న వీక్లీ సీరియళ్ళలో ప్రేమించిన పిల్లకి రెండే దారులు, పెళ్ళిపీటలు, లేకపోతే కాలవ. మా ఊళ్ళో కూడా అంతే అనుకునేవాళ్ళం.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చినప్పుడు నేను ఇంటర్ సెకండియర్. కోనసీమలో కొబ్బరిచెట్టు నిలబడ్డ తోట లేదు, ఎంతమంది పోయారో, అది వేరే కథ. ఎండొచ్చాక ఊరంతా తడిసిన పరుపులూ, బియ్యం బస్తాలూ, పుస్తకాలూ తెచ్చి రోడ్డు మీదే ఆరబోసుకున్నారు. నా ఫ్రెండు వాళ్ళ నాన్న దాని కెమిస్ట్రీ రికార్డు పేజీలు అంటుకుపోకుండా ఒక్కొక్కటీ విడదీస్తూ కూర్చున్నాడు, పాపం ప్రేమగానే, ప్రాక్టికల్స్‌కి పనికొస్తుందని. అందులోంచి జారాయి ఉత్తరాలు. ఇంకు కారిపోయి సగం అక్షరాలు లేవు, మిగిలిన సగం సరిపోయింది. ఆ ఉత్తరాల్లో రెండు కాలేజీ బస్సు దగ్గర నేనే తెచ్చి ఇచ్చాను దానికి. నన్ను పిలిచి అడిగారు. "నాకేం తెలీదండీ" అన్నాను. అది నా వైపు చూడలేదు కూడా. మాఘమాసంలో పెళ్ళి చేసేశారు, పరీక్షలు రాయనే లేదు. ఆ ఉత్తరాల్లో ఏముందో తెలుసా, బస్సులో ఏ సీట్లో కూర్చుంటుందో, ఏ పాట ఇష్టమో, అంతే, చెయ్యి పట్టుకున్న మాట కూడా లేదు. ఇప్పుడు పాలకొల్లు దగ్గరెక్కడో ఉంటుంది, కొడుకుకి పెళ్ళి చేసిందని విన్నాను. కార్డు మాకు రాలేదు.

ఇది మా పెద్దదానికి చెప్పాను. కథలో నేను అబద్ధం ఆడిన ముక్క దగ్గర తడబడ్డాను, అది పట్టేసింది.

ఇంక అసలు విషయం. నాలుగో రోజు సాయంత్రం వాన పడి ఆగింది, కరెంటు పోయింది, అందరం అరుగు మీద చేరాం. మా అమ్మ కొబ్బరి ఈనెలు చీపురుకి చీరుతోంది. వీళ్ళంతా ఇంతలా కొట్టుకుంటున్న కథేంటో చెప్పవే అని మనవరాలిని అడిగింది. వదిన లేచి లోపలికెళ్ళింది, గుమ్మం దాటి మాత్రం వెళ్ళలేదు. మా పిల్లకి వచ్చిన తెలుగు మాకు తెలిసిందే, అయినా మొదలెట్టింది. "అమ్మమ్మా, ఒక గర్ల్ ఉంటుంది, దానికి ఒక బాయ్ నచ్చుతాడు." "ఊఁ." "వాళ్ళు పార్టీలో కలుస్తారు." "ఊఁ." కథ క్లినిక్ దాకా వచ్చేసరికి దానికి మాటలు అయిపోయాయి. నన్ను చూసింది. నాక్కూడా మాటల్లేవు, అదే విచిత్రం. ఇంత తెలుగు వచ్చు అనుకునే నాకు ఆ సంగతులకి తెలిసినవి రెండు రకాల మాటలే, ఒకటి స్వాతి వీక్లీలో డాక్టర్ సమరం గారి జవాబుల్లో ఉండే సంస్కృతం మాటలు, రెండోది సంతలో తాగినవాళ్ళు తిట్టుకునేవి. మధ్యలో ఏమీ లేదు. ఆ స్వాతి పేజీలు మా అమ్మ ఉగ్గిన్నె కింద మడిచి దాచేది, నేను తీసి చదివి మళ్ళీ అదే మడతలో పెట్టేదాన్ని, ఇద్దరికీ తెలుసు, ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

పిల్ల కిందా మీదా పడి చెప్పింది. ఆ అమ్మాయికి ఒక అమ్మమ్మ ఉంటుంది, లాయరు, మనవరాలికి బాయ్‌ఫ్రెండ్ ఉన్నాడని తెలిసి, అడక్కుండానే, పిల్లలు పుట్టకుండా ఏం చేయాలో, రోగాలు రాకుండా ఏం చేయాలో రాసున్న కాగితాలు పోస్టులో పంపుతుంది, అని.

అమ్మ ఈనె చీరడం ఆపింది. "ముందే పంపిందా?"

"ఆఁ, ముందే."

"ఏమైనా జరక్కముందే?"

"అవును అమ్మమ్మా, బిఫోర్."

అమ్మకి డెబ్భై రెండు. 1968లో పెళ్ళి, పదిహేనేళ్ళు, సరిగ్గా ఇప్పుడు మా పెద్దదాని వయసు. కార్యం గదిలోకి పంపేటప్పుడు వాళ్ళమ్మ చెప్పింది ఒక్కటేనట, అరవకు, పక్కగదిలో చుట్టాలున్నారు, అని. ఇది నేను నలభై ఐదేళ్ళల్లో ఎప్పుడూ వినలేదు. ఈనెల కట్ట కేసి చూస్తూ చెప్పింది, వంటల సంగతి చెప్పినట్టు. "మాకు నర్సమ్మ వచ్చి చెప్పింది, గోడ మీద ఎర్ర త్రికోణం బొమ్మ చూపించి. ఎప్పుడు? పోయింది పోగా మీ మావయ్యా మీ అమ్మా పుట్టాక! ఈవిడెవరో ముందే పంపిందంటే..."

చాకు కింద పెట్టి, చేతులు తుడుచుకుని, పిల్ల వైపు జరిగింది. "ఏం రాసుందే ఆ కాగితాల్లో? అంతా చెప్పు. తెలుగు రాకపోతే బొమ్మేసి చెప్పు." పిల్ల నా పర్సులోంచి పెన్ను తీసుకుంది. కాగితం లేకపోతే ఫోన్ బిల్లు వెనక్కి తిప్పింది. నేను ఇంకా దగ్గరికి జరుగుతుంటే అమ్మ తలెత్తి చూసింది.

"నువ్వెళ్ళి పొయ్యి మీద పాలు చూడు, పొంగిపోతాయి."

వెళ్ళాను. గుమ్మంలో వదిన పక్కకి తప్పుకుని దారిచ్చింది. పొయ్యి మీద పాలు లేవు.