డబ్బులు పోయేది హైవే మీద కాదు, మలక్‌పేట దగ్గర

"మీ బండి ఎంతిస్తోంది?" కారున్న ఇంటికి ఎవరొచ్చినా కాఫీ తాగేలోపు ఈ మాట వస్తుంది. నేను మాత్రం దీనికి ఒక్క అంకెలో జవాబు చెప్పను. మాది 2021 స్విఫ్ట్, పెట్రోల్, మాన్యువల్. పొద్దున తొమ్మిదింపావుకి హైదరాబాద్ వనస్థలిపురంలో బయల్దేరి హిమాయత్‌నగర్ ఆఫీసుకు వెళ్తే లీటరుకు 12 ఇస్తుంది. అదే బండి మా అమ్మావాళ్ళుండే నందిగామకు వెళ్ళేటప్పుడు 20 దాటుతుంది. కంపెనీ చెప్పిన అంకె 23.20. మూడింట్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఎక్కడ, ఏ వేళప్పుడు, ఎంత స్పీడులో అన్నది చెప్పకుండా మైలేజీ చెప్పడం అంటే, ఏ నెలదో చెప్పకుండా కరెంటు బిల్లు చెప్పడం లాంటిది.

నేను ఒక ఆడిటర్ గారి ఆఫీసులో లెక్కలు చూస్తాను. అందుకని పెట్రోలు బిల్లులు కూడా పుస్తకంలో రాసే అలవాటు మొదటి నుంచీ ఉంది. మామూలుగా అందరూ రాసుకునేది తేదీ, రీడింగ్, లీటర్లు, రూపాయలు. నేను అయిదో గడి ఒకటి గీశాను: ఎక్కువగా ఏ రోడ్డు మీద తిరిగింది, ఏసీ ఉందా లేదా. అసలు విషయమంతా ఆ అయిదో గడిలోనే బయటపడింది.

ముందు కంపెనీ అంకె సంగతి. మన దేశంలో అమ్మే కార్ల మైలేజీకి పరీక్ష పెట్టేది పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థలు. బండిని రోడ్డు మీదకు తీసుకెళ్ళరు. చక్రాల కింద రోలర్లుండే యంత్రం మీద నిలబెట్టి నడుపుతారు. ఏ సెకనుకు ఎంత స్పీడులో ఉండాలో ముందే రాసి ఉంటుంది. 195 సెకన్ల సిటీ భాగం ఒకటి, దాన్ని నాలుగుసార్లు తిప్పుతారు. అందులో స్పీడు 50 దాటదు. ఆ తర్వాత 400 సెకన్లు ఊరి బయట భాగం, అక్కడ గరిష్ఠం 90. మొత్తం 1,180 సెకన్లు, అంటే ఇరవై నిమిషాల లోపే అయిపోతుంది. ఏసీ ఆపి ఉంటుంది. గుంటలుండవు, ఎదురుగాలి ఉండదు, వెనక సీట్లో అత్తమామలూ డిక్కీలో బియ్యం బస్తా ఉండవు. అన్ని కంపెనీల బళ్ళనూ ఒకే కొలతతో కొలిచి పోల్చుకోవడానికి ఆ పరీక్ష పనికొస్తుంది. నెలకు మీ పెట్రోలు ఖర్చెంతో చెప్పడం దాని పని కాదు. కొందరు షోరూంలో విన్న అంకె పట్టుకుని ఈఎంఐతో పాటు పెట్రోలు బడ్జెట్ కూడా వేసుకుంటారు. అక్కడే దెబ్బ తింటారు.

మరి నిజం అంకె ఎలా తెలుస్తుంది? మీటర్ బోర్డు మీద యావరేజ్ అని కనిపించేది నమ్మకండి. మా బండిలో అది 14 దగ్గర చూపించినప్పుడు, ఫుల్ ట్యాంక్ లెక్కలో 13.3 వచ్చింది. దాదాపు ఎప్పుడూ ఇంతే తేడా, ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. ఒకే బంకు, వీలైతే అదే పాయింటు. ఆటో కట్ పడేదాకా కొట్టించి, మొదటి క్లిక్కుకే ఆపించి, ట్రిప్ మీటరు సున్నా చేయాలి. మళ్ళీ అలాగే నింపించినప్పుడు, తిరిగిన కిలోమీటర్లను ఈసారి పట్టిన లీటర్లతో భాగించాలి. మా బంకులో అబ్బాయి "జీరో చూసుకోండి మేడమ్" అని తనే చెప్తాడు. క్లిక్కు పడ్డాక "రౌండ్ ఫిగర్ చేసేయమంటారా?" అని కూడా అడుగుతాడు. వద్దనాలి. ఆ రౌండ్ ఫిగర్ కోసం మెడదాకా పోసే అర లీటరు రెండుసార్ల లెక్కనూ పాడు చేస్తుంది. పెట్రోలు తక్కువ పోస్తున్నారని అనుమానముంటే ఏ బంకులోనైనా 5 లీటర్ల కొలపాత్రలో కొట్టి చూపించమని అడిగే హక్కు మనకుంది. మొహమాటపడాల్సిన పనే లేదు.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది.

మా తమ్ముడు ప్రతిసారీ హైవే మైలేజీ గురించే మాట్లాడతాడు. "అక్కా, సూర్యాపేట దాకా 22 తీసుకొచ్చా తెలుసా?" అంటాడు. మంచిదే. కానీ పుస్తకం ముందేసుకుని కూర్చుంటే కథ వేరేగా కనిపిస్తుంది. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని కాకుండా, వెయ్యి కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని తిప్పి చూడండి. మైలేజీ 20 నుంచి 25కి పెరిగితే వెయ్యి కిలోమీటర్లకు 50 లీటర్లు కాస్తా 40 అవుతాయి. పది లీటర్లు మిగిలాయి. 12 నుంచి 15కి పెరిగితే? 83 లీటర్ల పైచిలుకు కాస్తా 67 లోపుకి దిగుతుంది. దాదాపు 17 లీటర్లు మిగులు. పెరిగింది మూడే, మిగిలింది ఎక్కువ. మైలేజీ ఎంత అధ్వానంగా ఉంటే, అక్కడ ఒక్కో కిలోమీటరు పెంచడానికి అంత విలువ.

మా ఇంటి లెక్కే చెప్తాను. నందిగామ పోను రాను 430 కిలోమీటర్ల దాకా ఉంటుంది. 17 ఇస్తే పాతిక లీటర్ల పైన, 20.5 ఇస్తే 21 లీటర్లు. తేడా నాలుగు లీటర్ల చిల్లర, అంటే 460 రూపాయలు. అదీ రెండు మూడు నెలలకోసారి. సిటీలో మాత్రం ఆఫీసు, క్లయింట్ల షాపులు, పిల్లల ట్యూషన్ అన్నీ కలిపి నెలకు వెయ్యి కిలోమీటర్లు పడతాయి. అక్కడ 12 నుంచి 14కి తెచ్చినా దగ్గర దగ్గర 12 లీటర్లు మిగులుతాయి. పన్నెండు వందల పైమాటే, అదీ ప్రతి నెలా. అందుకే నా శ్రద్ధంతా ఆఫీసు దారిలో వచ్చే దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, చాదర్‌ఘాట్ మీదే.

అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చింది బయల్దేరే వేళ. దీనికి బండితో సంబంధమే లేదు. తొమ్మిదింపావుకు బదులు ఎనిమిది లోపు గేటు దాటిన రోజుల్లో అదే రోడ్డు మీద 15 వస్తోంది. కారణం ఏముంది? మలక్‌పేట రైలు బ్రిడ్జి కింద, చాదర్‌ఘాట్ వంతెన ఎక్కే చోట మొదటి గేరులో పాక్కుంటూ వెళ్ళే సమయం పోయింది. కదలని బండి కూడా తాగుతూనే ఉంటుంది. ఏసీ వేసుకుని గంటసేపు నిలబడితే చిన్న ఇంజన్ అయినా లీటరు దాకా లాగేస్తుంది. కదలకుండా కాలిన ఆ పెట్రోలుకు మైలేజీ సున్నా. మా ఆఫీసులో అడిగి గంట ముందొచ్చి గంట ముందు వెళ్ళే ఏర్పాటు చేసుకున్నాను. అన్ని రోజులూ కుదరదు, కుదిరిన రోజు హాయి. పై నుంచి మెట్రో వెళ్తుంటే కారెందుకు అని అడుగుతారేమో. ఫైళ్ళు మోసుకుని రాణిగంజ్, బేగంబజార్ తిరిగే పని లేని రోజు నేను ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కేస్తాను.

రెండోది కాలు. ఇంజెక్షన్ బళ్ళలో, అంటే ఇంజన్‌కి పెట్రోలును కొలిచి చిమ్మే ఇప్పటి బళ్ళలో, గేరులో ఉండగా యాక్సిలరేటర్ మీద నుంచి పూర్తిగా కాలు తీసేస్తే, బండి సొంత ఊపుతో వెళ్తూ వేగం బాగా తగ్గేదాకా ఇంజన్‌కి పెట్రోలు ఆగిపోతుంది. మీటర్ బోర్డు మీద అప్పటికప్పటి మైలేజీ చూపించే గీత ఉంటుంది కదా, దిల్‌సుఖ్‌నగర్ దాటాక దూరంగా ఎర్ర లైటు కనిపించి నేను కాలు ఎత్తగానే ఆ గీత చివరిదాకా పాకిపోతుంది. అదే న్యూట్రల్‌లో వేసి చూడండి, గీత వెనక్కి తగ్గుతుంది. ఎందుకంటే న్యూట్రల్‌లో ఇంజన్ ఆగిపోకుండా ఉండాలంటే దానికి పెట్రోలు పోయాల్సిందే. మా మావయ్యగారు ఫియట్ నడిపిన మనిషి. ఫ్లైఓవర్ దిగేటప్పుడల్లా "న్యూట్రల్ చెయ్యమ్మా, ఆదా అవుతుంది" అనేవారు. కార్బొరేటర్ రోజుల్లో అది చెల్లింది. ఇప్పటి బళ్ళకు అది ఖర్చు, పైగా ప్రమాదం. ఘాట్ రోడ్డులో అయితే గేరు పట్టు లేక బరువంతా బ్రేకుల మీద పడుతుంది. ఆయనకు ఆ గీత చూపించాను. రెండుసార్లు చేయించి చూశారు, ఆ తర్వాత ఆ మాట అనలేదు.

కాలు ముందే ఎత్తితే ముందున్న ఖాళీలోకి ఆటో దూరుతుంది. దూరనివ్వండి. పచ్చ లైటు పడే వేళకు మనమూ ఆటో కూడా అదే సిగ్నల్ దగ్గర ఉంటాం. తేడా అల్లా వాళ్ళు సున్నా నుంచి మొదలుపెడతారు, మనం కదులుతూ వెళ్తాం. పెట్రోలు ఎక్కువగా తాగేది ఆగిన బండిని కదిలించేటప్పుడే.

మా బండిలో సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేసి క్లచ్ వదిలితే ఇంజన్ దానంతటదే ఆగే ఏర్పాటు ఉంది. నిమిషం పైన ఉండే సిగ్నళ్ళకు బాగానే పనికొస్తుంది. ఎండాకాలంలో లోపల వేడెక్కితే ఏసీ కోసం వెంటనే మళ్ళీ స్టార్ట్ అవుతుంది, అప్పుడు దానివల్ల పెద్ద లాభముండదు. ఏప్రిల్, మే నెలల్లో నా పుస్తకంలో మైలేజీ ఎప్పుడూ ఒకటి, ఒకటిన్నర తక్కువే ఉంటుంది. ఎండలో పెట్టిన బండి ఎక్కగానే నాలుగు అద్దాలూ దించి ఆ కాలే గాలి బయటికి పోయాక ఏసీ వేస్తే కొంత నయం. ఏసీ లేకుండా చెమటలు కక్కుతూ నడపమని మాత్రం నేనెవరికీ చెప్పను.

ఇక చిన్న చిన్న పనులు. రైతు బజారుకు కిలోమీటరున్నర. బండి ఎక్కి వెళ్తే గీత ఏడు, ఎనిమిది దగ్గరే తచ్చాడుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు ఎక్కువ పోస్తుంది, అది వేడెక్కే లోపే మనం కూరగాయల దగ్గర దిగుతాం. అందుకని కూరగాయలకు స్కూటీ. కారే తియ్యాల్సి వస్తే ట్యూషన్, కూరగాయలు, మందులు ఒకే తిరుగుడులో.

గాలి సంగతి అందరికీ తెలిసిందే, ఎవరూ చెయ్యరు. డ్రైవర్ తలుపు తీస్తే ఫ్రేము మీద స్టిక్కర్ ఉంటుంది, ఎంత ఉండాలో దాని మీదే రాసి ఉంటుంది. పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొట్టించాలి. అంతే.

హైవే గురించి కొంచెం. విజయవాడ రోడ్డు మీద పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు అని నాకు మూడు టోల్‌గేట్లు తగుల్తాయి. ఫాస్టాగ్ వచ్చాక మామూలు రోజుల్లో పెద్దగా ఆగనక్కర్లేదు, సంక్రాంతి ముందు రోజు పంతంగి దగ్గర సంగతి వేరు. ఆ రోడ్డు మీద మైలేజీని తేల్చేది స్పీడే. గాలి అడ్డు స్పీడు పెరిగినంతే పెరగదు, స్పీడు వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళ్తే గాలి ఎదురుతోపు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. నేను 85 దగ్గర పట్టుకుంటే 20.5. తమ్ముడు 110లో తీసుకొచ్చిన రోజు 17. నాలుగు వరసల జాతీయ రహదారి మీద కార్లకు పరిమితే 100. టోల్‌గేట్లు, సూర్యాపేటలో టిఫిను అన్నీ కలిపితే వాడు నాకంటే ఇరవై నిమిషాలు ముందు చేరతాడు. ఆ ఇరవై నిమిషాలకు మా అమ్మ వాణ్ణి వరండాలో కూర్చోబెట్టి నేనెక్కడిదాకా వచ్చానో ఫోన్ చేయిస్తుంది.

చివరగా ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇప్పుడు అందరి టెన్షనూ ఇదే. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో కంటే మూడో వంతు తక్కువ. పది శాతం కలిపిన పెట్రోలు (ఈ10) నుంచి ఇరవై శాతానికి వెళ్తే శక్తి తగ్గేది మూడు శాతం చిల్లర. 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన ప్రణాళికలోనే, మామూలు పెట్రోలుకు తయారై ఈ10కి సరిచేసిన కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం, ఈ10కి తయారై ఈ20కి సరిచేసిన వాటిలో 1 నుంచి 2 శాతం తగ్గొచ్చని రాశారు. తగ్గడం నిజం. లీటరు వంద దాటిన రోజుల్లో ఆ తగ్గింపు ధరలో కనిపించకపోవడం నాకు నచ్చదు, వినియోగదారుడిగా ఆ మాట గట్టిగానే అంటాను. కానీ 18 ఇచ్చే బండి ఒక్కసారిగా 13కి పడిపోయిందని ఎవరైనా అంటే మాత్రం, అంతా ఇథనాల్ మీద తోసెయ్యకుండా బ్రేకులు పట్టేస్తున్నాయేమో, గాలి ఉందో లేదో, ఎయిర్ ఫిల్టర్ మార్చారో లేదో, ఈమధ్య ఆఫీసు దారి మారిందేమో చూడమంటాను. మారింది దారే అని తేలినవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు.

విశాఖలోనో, తిరుపతిలోనో, వరంగల్‌లోనో చిన్న కారు నడిపేవాళ్ళు మీ అంకెలు రాస్తే నాకు చాలా ఉపయోగం. లీటరుకు ఎంతో ఒక్కటే రాయకండి. ఏ దారిలో, ఎన్ని గంటలకు, ఏసీ ఉందా, మనుషులెంతమంది అన్నవి కూడా రాయండి. ముఖ్యంగా అరకు ఘాట్‌లో ఎక్కేటప్పుడు ఎంత, దిగేటప్పుడు ఎంత అని విడివిడిగా కొలిచినవాళ్ళుంటే చెప్పండి, దసరా సెలవుల్లో మేమూ అటే వెళ్తున్నాం.