కుట్టుమిషను కింద గచ్చు

మా వసారాలో నేను కుట్టుమిషను పెట్టుకున్న చోట ఐదేళ్లపాటు ఒకటే బాధ. కత్తిరించిన గుడ్డ కింద పడితే చాలు, తెల్లటి దుమ్ము అంటుకునేది. లేత రంగులైతే కనిపించదు. నల్ల పట్టు జాకెట్టు గుడ్డ పడిందంటే మాత్రం దులిపినా పోదు, తడిగుడ్డతో తుడిస్తే మరక. ఊడ్చిన పది నిమిషాలకే గచ్చు మీద వేలితో రాస్తే మళ్లీ పిండి. మనల్ని నమ్మి ఇచ్చిన బట్ట అలా పాడవుతుంటే ప్రాణం ఉసూరుమనేది.

ఆ గచ్చు చేసిన రోజు నేను అక్కడే ఉన్నాను. పోసిన కాంక్రీటు పైకి నీళ్లు ఊరాయి. చీకటి పడేలోపు పని అయిపోవాలని మేస్త్రీ గారు ఆ నీళ్ల మీదే పొడి సిమెంటు చల్లి, ఇనుప తాపీతో నున్నగా లాగేశారు. అద్దంలా ఉందని అందరం సంతోషించాం. అలా ఊరిన నీళ్లని పైపొరలోకి తాపీతో రుద్దేస్తే ఆ పొర బలహీనమైపోయి, నడిచేకొద్దీ రాలిపోతుందని అప్పుడు మాకెవరికీ తెలియదు.

తర్వాత తప్పు నాది. పోయినేడు మే నెలలో, గచ్చు ఎండి గలగల్లాడుతోంది కదా అని, మెరుపు వచ్చే అక్రిలిక్ సీలర్, అంటే గచ్చు మీద పొర కట్టి నీళ్లు ఇంకనివ్వని పూతమందు, తెచ్చి రెండు పూతలు వేశాను. నెలరోజులు చాలా బాగుంది. జూన్‌లో ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువలకి నీళ్లు వదిలారు. జులై వచ్చేసరికి పూత కింద బుడగలు, తెల్లమచ్చలు. గోటితో గీరితే ఉల్లిపొరలా లేచి వచ్చింది. కింద ఉప్పు.

మాది గోదావరి డెల్టాలో, అంబాజీపేట దగ్గర పల్లె. ఇక్కడ ఎండాకాలం కాలువలు కట్టేస్తే నూతిలో నీళ్లు అడుగంటుతాయి, వదిలిన కొద్దిరోజులకే పైకొచ్చేస్తాయి. ఆ నెమ్ము మట్టిలోంచి గచ్చులోకి పాకుతుంది. దారిలో సిమెంటులోని సున్నాన్ని, మట్టిలోని లవణాలని కరిగించుకుని పైకొచ్చి, నీరు ఆరిపోయాక వాటిని అక్కడ వదిలేస్తుంది. పైన బిగుతుగా పొర వేస్తే ఆ నీటికి దారి లేక పొరనే లేపేస్తుంది. అందుకే మన డెల్టాలో మే నెల గచ్చుని చూసి సీలర్ కొనకూడదని నేను గట్టిగా చెబుతాను. కాలువలు వచ్చాక చూడాలి.

గచ్చు కింద అంతా బాగుండి పైన మాత్రమే పిండి రాలుతుంటే, పగలగొట్టక్కర్లేదు. సిలికేట్ హార్డెనర్ అని ద్రవం దొరుకుతుంది, సిమెంటులో మిగిలిన సున్నంతో కలిసి పైపొరని గట్టిపరుస్తుంది. మాకు కింద నెమ్ము కూడా ఉంది కాబట్టి తీసేసి కొత్తగా పోయాలనుకున్నాం. సంక్రాంతి వెళ్లాక, పుష్యమాసంలో పెళ్లిళ్లు ఉండవు, నాకు కుట్టు పని తక్కువ. ఎండా అంత ఉండదు. నేను, మావారు, మా తమ్ముడు, ముగ్గురమే.

పన్నెండడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు. పాతది తవ్వేసి, కంకర పరుపు వేసి దిమ్మిస చేసి, పైన పల్చగా ఇసుక, దాని మీద 250 మైక్రాన్ల ప్లాస్టిక్ పట్టా. కింది నెమ్ముని ఆపేది ఆ పట్టాయే. పైన ఏం పూసినా దాని పని చెయ్యదు. అతుకు దగ్గర జానెడు మీద జానెడు వేసి టేపు అంటించాను, గోడల వెంట మడిచి పైకి లేపాను. కుట్టు పనిలాగే, అతుకు దగ్గరే లోపం వస్తుంది.

మూడంగుళాల మందం. సిమెంటు ఒకటి, గోదావరి ఇసుక ఒకటిన్నర, కంకర మూడు పాళ్లు. ఆరు బస్తాలు చాలక ఏడోది విప్పాం. బస్తాకి నీళ్లు మొత్తం 25 లీటర్లు దాటకూడదు. తడి ఇసుకలోనే దాదాపు మూడు లీటర్లు ఉంటాయి కాబట్టి 22 కొలిచి పోశాం. బోరు నీళ్లు ఉప్పు, అందుకని కుళాయి నీళ్లే వాడాం. సిమెంటు తడి చర్మాన్ని తినేస్తుంది, రబ్బరు తొడుగులు లేకుండా ముట్టుకోకండి. నాకైతే వేళ్లు పుండైతే వారం పని పోయినట్టే.

సగం ఒకరోజు, సగం మర్నాడు పోశాం. ఒక్కో సగానికి మధ్యలో ముప్పావు అంగుళం లోతు గాడి పెట్టాను. కాంక్రీటు ఆరుతూ కుంచించుకుంటుంది, పగులు వస్తే ఆ గాడిలోనే రావాలి.

అసలు పని అంతా ఆగడంలోనే ఉంది. బద్దతో రంపంలా లాగి మట్టం చేయగానే పైన నీళ్లు మెరిశాయి. అత్తయ్య గుమ్మంలో నిలబడి, "పొడి సిమెంటు చల్లెయ్యి అమ్మాయ్, పొద్దుపోతోంది" అన్నారు. "వద్దు అత్తయ్యా, ఆగుదాం" అని పక్కనే కూర్చున్నాను. రెండు గంటలు దాటింది. ఆ మెరుపు అంచుల్లో మొదట తగ్గింది, తర్వాత మధ్యలో. ఇస్త్రీకి సరిపడా ఆరిన నూలు చీర రంగు ఎలా మారుతుందో అలా మారింది. కాలు పెడితే పావు అంగుళం మాత్రం దిగింది. అప్పుడు పలకల మీద మోకాళ్లు వేసుకుని చెక్క తాపీతో గుండ్రంగా రుద్దాను. ఇంకాసేపాగి ఇనుప తాపీ, ముందు అంచు కొంచెం ఎత్తి పట్టుకుని. మొదట మెత్తగా జారింది. రెండోసారి లాగినప్పుడు కిర్రుమని శబ్దం వచ్చింది. ఆ శబ్దం వచ్చిందంటే గచ్చు బిగుస్తోందని అర్థం.

మర్నాటి నుంచి గోనెసంచులు పరిచి 14 రోజులు తడి ఆరనివ్వలేదు. ఇప్పుడు వచ్చే బూడిద కలిపిన సిమెంటుకి పది రోజులైనా తప్పనిసరి.

సీలర్ మాత్రం ఆషాఢం దాకా వెయ్యలేదు. కాలువలొచ్చి, నూతిలో నీళ్లు పైకొచ్చాక, ఒకటిన్నర అడుగు చదరం ప్లాస్టిక్ ముక్కని నాలుగు పక్కలా టేపుతో అంటించి రాత్రంతా ఉంచాను. పొద్దున్న తీస్తే కింద చెమట లేదు, గచ్చు రంగు మారలేదు. ఈసారి పైన పొర కట్టేది కాకుండా, లోపలికి ఇంకే సిలేన్-సిలాక్సేన్ రకం తీసుకున్నాను. మెరుపు రాదు, కానీ లోపలి ఆవిరిని బయటికి పోనిస్తుంది. వాన తెరిపిచ్చిన రోజు చూసి రోలరుతో వేశాను, ఎక్కడా మడుగు కట్టకుండా.

గడప ముందు రెండు జానల మేర మాత్రం వెయ్యలేదు. అక్కడ ముగ్గు పట్టాలని అత్తయ్య అడిగారు. వాన జల్లు కొట్టినప్పుడు ఆ ముక్క నల్లగా తడుస్తుంది, పక్కన నీళ్లు పూసల్లా నిలబడతాయి. శ్రావణమాసం జాకెట్లు మొదలయ్యే ముందు రోజు నల్ల గుడ్డ ముక్క ఒకటి తీసుకుని మిషను కింద నేలంతా తుడిచి, వెలుగులోకి తెచ్చి చూశాను. నల్లగానే ఉంది.