బాసెల్ రాకముందే బంద్

పారిస్ గురించి రాయమంటే రెండు ముక్కల్లో అయిపోతుంది. టవర్ బాగుంది, మోనాలిసా ముందు బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం రోజు ఉన్నంత జనం ఉన్నారు, కాఫీ చేదు. నాలుగు రోజులూ అంతే. నేను చెప్పాలనుకున్నది ఆ తర్వాత జూరిక్ రైల్లో జరిగిన సంగతి, దానికి ముందు నెల రోజులు కూర్చుని ఫోన్ డేటా కోసం వేసిన పనికిమాలిన లెక్కల సంగతి.

నేను అమీర్‌పేటలో ఎస్‌క్యూఎల్ చెప్తాను, అంటే కంప్యూటర్‌లో టేబుళ్లుగా దాచిన సమాచారాన్ని అడిగి తీసుకునే భాష. అమీర్‌పేట అంటే ఇప్పుడు మైత్రీవనం దగ్గర బోర్డు మాత్రమే ఉంది, కరోనా తర్వాత క్లాసులు సగానికి పైగా ఆన్‌లైన్‌లోనే. రాత్రి తొమ్మిదిన్నర బ్యాచ్ అంటే ఉద్యోగం నుంచి వచ్చి, ఏదో తిని, కళ్లు మూతలు పడుతున్నా కూర్చునే పిల్లలు. ఫీజు కట్టించుకున్నాక పది రోజులు సెలవంటే ఊరుకోరు. వాట్సాప్ గ్రూపులో ఒకడు రిఫండ్ అన్నాడంటే సాయంత్రానికి నలభై మందికీ అంటుకుంటుంది. అందుకని యూరప్ నుంచే రోజూ గంటన్నర క్లాసు తీసుకుంటానని మాటిచ్చా. మేలో మనకీ వాళ్లకీ మూడున్నర గంటల తేడా, మన తొమ్మిదిన్నర వాళ్లకి సాయంత్రం ఆరు. తిరుగుడంతా అయ్యాక రూములో కూర్చుని చెప్పుకుంటానని మా ఆవిడని ఒప్పించా. మే నెలలో పారిస్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా పొద్దు గూకదని, ఆరు అంటే అక్కడ నడి మధ్యాహ్నం లెక్కేనని ఆవిడకి అక్కడికి వెళ్లాకే తెలిసింది. నాకూ అంతే అనుకోండి.

ఇక్కడ ఉన్నంతకాలం డేటా గురించి ఎవడు ఆలోచిస్తాడు? ఫోన్లో రోజుకి రెండు జీబీ, ఇంట్లో ఫైబర్, నీళ్లలా పారబోస్తాం. మా చిన్నప్పుడు చిక్కడపల్లిలో నీళ్లనే అలా పారబోయలేదు. రోజు విడిచి రోజు వచ్చేవి మంజీరా నీళ్లు, అదీ గంటసేపు, బిందెలు, బకెట్లు, చివరికి ప్రెషర్ కుక్కర్ కూడా నింపి పెట్టేది అమ్మ. విదేశీ డేటా ప్లాన్లు చూస్తుంటే అచ్చం ఆ రోజులు గుర్తొచ్చాయి. మన సిమ్ మీదే రోమింగ్ ప్యాక్ వేసుకుందామంటే నాకు చూపించింది పది రోజులకి ఐదు జీబీ, ధర మూడు వేల చిల్లర. ఒక రాత్రి ఇంట్లో ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి క్లాసు చెప్పి మీటర్ చూసుకున్నా, కెమెరాతో గంటన్నరకి జీబీ దాటింది. కెమెరా ఆపేసి స్క్రీన్ మాత్రమే చూపిస్తే అందులో సగం కూడా కాలేదు. ఆ లెక్కన కూడా ఐదు జీబీ నాకు చాలదు, పైగా పొద్దున లేస్తే మా అమ్మ వీడియో కాల్, ఏదీ ఆ గోపురం చూపించు, ఏదీ మీరు తినేది చూపించు.

సరే, ఈసిమ్, అంటే కార్డు లేకుండా ఫోన్లోనే ఎక్కే సిమ్, కొందామని చూశా. ముప్పై పైచిలుకు దేశాలు, అన్‌లిమిటెడ్ అని పెద్దక్షరాలు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది అసలు కథ: రోజుకి రెండు జీబీ దాటితే వేగం 128 కేబీపీఎస్. అంటే సెకనుకి పదహారు కేబీ, మూడు ఎంబీల ఫోటో ఒకటి పంపాలంటే మూడు నిమిషాలు పైనే. దీన్ని అన్‌లిమిటెడ్ అనడం ఎలా ఉందంటే, ఫుల్ మీల్స్ అని కూర్చోబెట్టి రెండోసారి అన్నానికి చెంచాతో పెట్టినట్టుంది. ఇంకా కిందకి వెళ్తే హాట్‌స్పాట్ పని చేయదని ఇంకో ముక్క. నా క్లాసు లాప్‌టాప్‌లో, హాట్‌స్పాట్ లేకపోతే ఆ డేటా నాకెందుకు?

ఇక మిగిలింది అక్కడి సిమ్. ఇక్కడ మా బావమరిది పుణ్యం ఒకటి చెప్పాలి. డాలస్ నుంచి వస్తూ నాకు ఐఫోన్ తెచ్చాడు, పాపం ప్రేమగానే. అమెరికాలో అమ్మే ఐఫోన్లకి 14 నుంచీ సిమ్ పెట్టుకునే అరే ఉండదు, అంతా ఈసిమ్మే. ఫోన్ వచ్చిన రోజు సిమ్ తీసుకుని, ఆ చిన్న పిన్ను పట్టుకుని నాలుగు అంచులూ తడుముతూ పావుగంట వెతికా, ఎక్కడ గుచ్చాలో దొరికితే కదా. చివరికి నా నంబరునే ఈసిమ్‌గా మార్పించుకున్నా. కాబట్టి ఏర్పాటు ఇలా కుదిరింది: నా ఫోన్లో మన నంబరు బ్యాంకు ఓటీపీల కోసం మాత్రమే, డేటా రోమింగ్ ఆఫ్. మా ఆవిడ ఆండ్రాయిడ్‌లో ఫ్రెంచి సిమ్, దాని హాట్‌స్పాట్ ఇద్దరికీ. నెల రోజుల పరిశోధన ఫలితం ఇది. చాలా తెలివిగా చేశాననుకున్నా.

పారిస్ ఎయిర్‌పోర్ట్‌లో సిమ్ నలభై యూరోలన్నారు, ఊళ్లో ఒక కొట్లో ఇరవైకే దొరికింది, పాస్‌పోర్ట్ చూసి ఇచ్చాడు. ఫ్రాన్స్‌లో వంద జీబీ, మిగతా యూరప్‌లో ఇరవై. యూరప్ అన్న మాట దగ్గరే నేను ఆగిపోయా. కవరు వెనకాల దేశాల జాబితా ఉంది, చదవలేదు. మొదటి రెండు రోజుల్లోనే వందలో పదమూడు జీబీ ఆవిరయ్యేసరికి దొంగ ఎవరా అని చూస్తే మా ఆవిడ గ్యాలరీ. ఆవిడ టవర్ లైట్లు మెరిసినప్పుడల్లా ఫోర్‌కేలో వీడియో తీస్తోంది, నిమిషానికి మూడు, నాలుగు వందల ఎంబీ. బ్యాకప్ మొబైల్ డేటా మీద కూడా నడిచేట్టు ఎప్పుడో ఆన్ చేసి మర్చిపోయింది. ఇంట్లో వైఫై మీద కాబట్టి ఎన్నడూ తెలియలేదు. ఆఫ్ చేశా. ఆ తర్వాత ఏ ఫోటో కనపడకపోయినా తప్పు నాదే.

అయిదో రోజు సాయంత్రం నాలుగు దాటాక గార్ ద లియోన్ స్టేషన్లో జూరిక్ రైలెక్కాం. డబుల్ డెక్కర్. ఒకప్పుడు ట్యాంక్‌బండ్ మీద డబుల్ డెక్కర్ బస్సులో పైన ముందు సీటు కోసం కొట్టుకునేవాళ్లం, ఇక్కడ పైన కిటికీ సీట్లు అవే వచ్చాయి, కానీ ఆరయ్యేసరికి నేను కిందకి దిగాల్సొచ్చింది. పైన పెట్టె మొత్తం లైబ్రరీలా ఉంది. నేను గుడ్ ఈవెనింగ్ ఆల్ అని మొదలుపెట్టగానే ఎదురుగా ఉన్న పెద్దావిడ పుస్తకం దించి నా వైపు చూసిన చూపుకి లాప్‌టాప్, మా ఆవిడ ఫోన్ రెండూ పట్టుకుని తలుపు దగ్గర మెట్ల మీదకి వచ్చేశా. ఫోన్ నేను పట్టుకెళ్లడం వల్ల బయట ఆవ పూల పొలాలు తీయడం కుదరలేదని ఇప్పటికీ అంటుంది.

సిగ్నల్ మాత్రం అద్భుతం. రైలు గంటకి మూడు వందల కిలోమీటర్ల దాకా పోతోంది, మధ్యలో రెండు మూడు చోట్ల నత్తి పడింది తప్ప క్లాసు బాగానే నడిచింది. ఆ రోజు పాఠం జాయిన్లు, అంటే రెండు టేబుళ్లలో వరసల్ని జత కలపడం. జత దొరికినవే చూపించే ఇన్నర్ జాయిన్ అయింది, ఎడమవైపువన్నీ ఉంచే లెఫ్ట్ జాయిన్‌కి వచ్చాం. మ్యూల్‌హౌస్ స్టేషన్ దాటాక, ఏడుంబావు ప్రాంతంలో, "ఎడమ టేబుల్‌లో ఉండి, కుడివైపు జత దొరకని వరసకి ఏమొస్తుంది? ఎవరైనా చెప్పండి" అని అడిగా. సమాధానం రాలేదు. నిద్రపోతున్నారేమో అనుకున్నా. మళ్లీ అడిగా. తీరా చూస్తే బొమ్మలన్నీ బిగుసుకుపోయి ఉన్నాయి, ఒకడు ఆవలిస్తూ నోరు తెరిచినవాడు అలాగే ఉండిపోయాడు.

ఫోన్లో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. డేటా మాత్రం సున్నా. ఫ్రెంచిలో ఒక మెసేజ్ వచ్చి ఉంది, అందులో నాకర్థమైంది సూయిస్ అనే మాట ఒక్కటే. అప్పుడు తీశా కవరు. యూరోపియన్ యూనియన్‌లో 2017 జూన్ నుంచీ ఏ దేశం సిమ్ అయినా అదనపు చార్జీ లేకుండా మిగతా దేశాల్లో వాడుకోవచ్చు, అది నాకు తెలుసు, నా లెక్కంతా దాని మీదే. స్విట్జర్లాండ్ యూనియన్‌లో లేదని కూడా స్కూల్లో చదువుకున్నా. వీసా మాత్రం ఒకటే, సరిహద్దులో ఆపేవాడు లేడు, రైలు అదే, సీటు అదే, ఇంక తేడా ఎందుకొస్తుందనుకుంటాం? ఒళ్లు మండిన సంగతేమిటంటే ఆ జాబితాలో ఐస్‌లాండ్ ఉంది, నార్వే ఉంది, చివరికి లీక్టెన్‌స్టైన్ ఉంది. లీక్టెన్‌స్టైన్! మన ఔటర్ రింగ్ రోడ్డు లోపల పడేస్తే కనపడని దేశం, అటు ఆస్ట్రియా ఇటు స్విట్జర్లాండ్ మధ్య ఇరుక్కుని ఉంటుంది. అది ఉంది, ఇది లేదు.

రోమింగ్ ప్యాక్ వేద్దామని నా ఫోన్ తీశా. ప్యాక్ కొనాలంటే యాప్ తెరవాలి, యాప్ తెరవాలంటే డేటా ఉండాలి. తాళం చెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టయింది. రైలు వైఫై పట్టుకుంది గానీ చక్రం తిరుగుతూనే ఉంది. "ఏం చేయాలిరా దేవుడా" అని పైకే అనేశా.

"ఇండియావా, తంబీ?"

సామాన్ల అరలోంచి బ్యాగు సర్దుకుంటున్నాడు ఒకాయన. అరవై దాటి ఉంటాయి, నెరిసిన మీసం, నీలం స్వెటర్. జాఫ్నా ఆయనది, కుర్రవాడిగా ఉన్నప్పుడే గొడవల్లో ఊరు వదిలి వచ్చి జూరిక్‌లో హోటల్ వంటింట్లో పని చేస్తున్నాడు, పారిస్‌లో అక్క కూతురి పెళ్లికి వచ్చి తిరిగి వెళ్తున్నాడు. నాకొచ్చిన అరకొర తమిళం, ఆయనకొచ్చిన ఇంగ్లిష్ కలిపి విషయం చెప్పా. ఆయన నవ్వలేదు, జాలిపడలేదు, జేబులోంచి ఫోన్ తీసి హాట్‌స్పాట్ ఆన్ చేసి పాస్‌వర్డ్ చూపించాడు. మురుగన్ పేరు, పక్కన నాలుగు అంకెలు. ఎంత అవుతుందో అని నేను నసుగుతుంటే, నెలకి ఇంతని కడతా, ఎంత వాడినా అంతే, నువ్వు పాఠం చెప్పు అన్నాడు.

సరిహద్దు ఊరు బాసెల్‌లో రైలు ఆగింది, జనం దిగుతున్నారు, ఎక్కుతున్నారు, నేను మెట్ల మీద ముడుచుకుని జత దొరకని వరస గురించి చెప్తున్నా, ఆయన నా పక్కనే గోడకి ఆనుకుని నిలబడ్డాడు, ఎందుకంటే సీటుకి వెళ్తే సిగ్నల్ అందదేమోనని. నలభై మందిలో పదకొండు మంది మిగిలారు. క్లాసు అయ్యాక థాంక్స్ చెప్తే ఆయన తన సంగతి చెప్పాడు. తొంభైల్లో అమ్మతో మాట్లాడాలంటే ఫోన్ కార్డు కొనేవాడట, గీకితే నంబరు వచ్చేవి, సగం డబ్బు లైను కలవకముందే అయిపోయేదట. నాకు మా చిక్కడపల్లి ఐఎస్‌డీ బూత్ గుర్తొచ్చింది. నాన్న మస్కట్‌లో బాబాయితో మాట్లాడుతుంటే నేను అద్దాల గదిలో ఆ పెట్టె మీద ఎర్ర అంకెలు చూస్తూ నిలబడేవాణ్ని, వందకి దగ్గర పడుతోందంటే నాన్న లుంగీ అంచు లాగడం నా డ్యూటీ. ఈ మాట ఆయనకి తమిళంలో చెప్పలేకపోయా. బూత్, రెడ్ నంబర్స్ అన్నా. అర్థమైనట్టే తలూపాడు.

జూరిక్‌లో ఆయన కాఫీ తాగి వెళ్లమన్నాడు గానీ మా లూసర్న్ రైలుకి టైమైంది. స్టేషన్లో టాయిలెట్‌కి కూడా ఫ్రాంకులే, ఫ్రాంకు నూరు రూపాయల పైమాట, ఆ బాధ ఇంకోసారి చెప్తా. రాత్రి హోటల్ వైఫై మీద స్విట్జర్లాండ్ ఒక్కదానికే ఈసిమ్ కొని నా ఫోన్లో వేసుకున్నా, మన నంబరు, అది రెండూ ఒకేసారి నడుస్తాయి కాబట్టి ఓటీపీకి ఇబ్బంది రాలేదు. హాట్‌స్పాట్ ఉందా లేదా అని ఈసారి మూడుసార్లు చదివా, మా ఆవిడ చేత నాలుగోసారి చదివించా. పడుకోబోతూ బ్యాచ్ గ్రూపు తెరిస్తే మన టైములో 10:47కి ఒకడు పెట్టిన మెసేజ్ ఉంది. "నల్ వస్తుంది సార్." నల్ అంటే ఖాళీ, నేనడిగిన ప్రశ్నకి సరైన సమాధానమే.

మర్నాడు క్లాసులో రెండు టేబుళ్లు వేశా. ఎడమవైపు మేం తిరుగుతున్న దేశాలు, కుడివైపు ఆ సిమ్ కవరు వెనకున్న జాబితా. లెఫ్ట్ జాయిన్ కొడితే ఫ్రాన్స్ పక్కన ఫ్రాన్స్ వచ్చింది, స్విట్జర్లాండ్ పక్కన నల్. ఇంత చక్కటి ఉదాహరణ పదేళ్లలో ఎప్పుడూ దొరకలేదు. పిల్లలు కూడా హుషారుగా ఉన్నారు, ఆవలించినవాడు కూడా కెమెరా ఆన్ చేశాడు. అప్పుడు వెనక బెంచీ రకం ఒకమ్మాయి మైకు తీసింది.

"సార్, సిమ్ కొనేముందు ఈ క్వెరీ ఒక్కసారి రన్ చేసుంటే సరిపోయేది కదా?"

"హలో? వాయిస్ కట్ అవుతోందమ్మా, ఇక్కడ సిగ్నల్ సరిగా లేదు," అన్నా.