క్యోజిమా సందుల్లో టేపు పట్టుకుని

టోక్యోలో హికిఫునే స్టేషన్ దిగి కాసేపు నడిస్తే క్యోజిమా వస్తుంది. 1923 భూకంపాన్నీ, 1945 బాంబుదాడుల్నీ చాలావరకు తట్టుకుని నిలిచిన చెక్క ఇళ్ళ పేట. ఇళ్ళ మీదుగా స్కైట్రీ టవర్ కనిపిస్తూనే ఉంటుంది గానీ, చూడాల్సింది కిందనే.

మనవాళ్ళు స్థలం చూడ్డానికి వెళ్తే ముందు దిక్కు అడుగుతారు. ఇక్కడ ముందు సందు వెడల్పు కొలవాలి, అదీ రెండు మూడు చోట్ల. 4 మీటర్లకు తక్కువైతే కొత్త ఇల్లు సందు నడిమి గీత నుంచి 2 మీటర్లు వదిలి కట్టాలి. అందుకే పాత ఇళ్ళు ముందుకు, కొత్తవి వెనక్కి ఉండి గోడల వరస పళ్ళూడిన దువ్వెనలా కనిపిస్తుంది.

నివాస జోన్‌లో 5 మీటర్ల ముఖం, 12 మీటర్ల లోతు స్థలం ఉందనుకోండి. 60 చదరపు మీటర్లు, మన లెక్కలో 72 గజాలు. సందు 2.7 మీటర్లే ఉంటే 0.65 మీటరు వదలాలి. 3.25 చదరపు మీటర్లు పోయి 56.75 మిగులుతుంది. ఎదురుగా కాలువో రైలు పట్టాలో ఉంటే అటు జరిగేది లేదు కాబట్టి 1.3 మీటర్లూ మన నెత్తినే. అన్ని అంతస్తులూ కలిపి స్థలానికి 200 శాతం కట్టుకోవచ్చని కాగితం మీద ఉన్నా, రోడ్డు వెడల్పు మీటరుకు 40 శాతం చొప్పున 4 మీటర్లకి 160 శాతమే. అంటే 90.8 చదరపు మీటర్లు. 120 వస్తుందని ప్లాన్ గీసుకుంటే ఒక గది, మెట్లు ఎగిరిపోయినట్టే.

ఎత్తు సంగతి ఇంకా తిరకాసు. రోడ్డు ఎదుటి అంచు నుంచి మీటరుకు 1.25 మీటర్లు లేచే ఏటవాలు గీత దాటకూడదు. రోడ్డు అంచునే గోడ లేపితే 5 మీటర్లకే ఆగాలి, రెండంతస్తులకు ఇరుకు. మీటరు వెనక్కి జరిగితే గీత మొదలయ్యే ఎదుటి అంచు కూడా అటు మీటరు జరిగినట్టు లెక్క, 7.5 దాకా వెళ్ళొచ్చు. కవరేజీ, అంటే స్థలంలో ఇల్లు ఆక్రమించే నేల, 60 శాతమే కాబట్టి ఎలాగూ వదలాల్సిన ఖాళీలో కొంత ముందు పెట్టడమే తెలివి. పైఅంతస్తులు వాలుగా కోసినట్టుండేది అందం కోసమేం కాదు.

పక్కింటి హద్దుకి 50 సెంటీమీటర్లు వదిలితే బయటి వెడల్పు 4 మీటర్లు, లోపల సుమారు 3.7. మెట్లు పొడుగునా పెడితే ప్రతి అంతస్తులో 0.9 మీటరు పోతుంది. ఇంటి నడిమధ్య అడ్డంగా పెడితే ముందు గదికీ వెనక గదికీ పూర్తి వెడల్పు దక్కుతుంది. అగ్నినిరోధక జోన్‌లో హద్దు నుంచి కింది అంతస్తులో 3, పైన 5 మీటర్ల లోపు కిటికీలకు మంట ఆపే గాజు ఉండాలి. ఇంత సన్నటి స్థలంలో పక్క కిటికీ ఏదీ తప్పించుకోదు. లోపల ఇనప తీగల వల ఉండే తీగ గాజు చవక, కానీ ఎండవేడికి పగుళ్ళు తీస్తుంది. పెద్ద లారీ ఈ సందులోకి రాదు. దూలాలు మలుపు దగ్గర దింపి మనుషులు మోయాలి. ఆ కూలీ ఎస్టిమేట్‌లో ముందే వేసుకోవాలి.