బావి ఈతగానికి సముద్రం నేర్పిన ఊపిరి

హసన్‌పర్తి దగ్గర మా ఊరి వ్యవసాయ బావిలో నడుముకు బెండు కట్టి నన్ను దింపినప్పుడు మా బాపు చెప్పిన మొదటి మాట "ఊపిరి బిగవట్టు బిడ్డా". నలభై ఏండ్ల తరువాత ఇండోనేషియాలోని నూసా పెనిడా ద్వీపంలో సిలిండరులోని గాలి పీలుస్తూ నీటి అడుగున ఈదే స్కూబా డైవింగ్ నేర్చుకొనేటప్పుడు నేను మరచిపోవలసి వచ్చినది సరిగ్గా ఆ మాటనే.

రక్తపోటుకు మాత్రలు వాడుతున్నందున, శిక్షణకు ముందే హనుమకొండలో పరీక్షలు చేయించుకొని డాక్టరు సంతకం చేసిన కాగితం వెంట తీసుకువెళ్లాను. శిక్షణలో చేసి చూపవలసిన 200 మీటర్ల ఈత, 10 నిమిషాలు తేలడం బావిలో పెరిగినవానికి ఒక లెక్క కాదు. కష్టమంతా నీటి అడుగున మాస్కులోకి నీరు రానిచ్చి, ముక్కుతో గాలి వదులుతూ దానిని వెళ్లగొట్టే అభ్యాసంలోనే ఎదురైంది. ముక్కుకు ఉప్పునీరు తగలగానే నా ఛాతీ దానంతట అదే బిగుసుకుపోయేది. 10 మీటర్ల లోతున ఒత్తిడి ఉపరితలం మీది కంటే రెట్టింపు ఉంటుందనీ, అక్కడ నిండా పీల్చిన గాలిని బిగబట్టి పైకి వస్తే అది వ్యాకోచించి ఊపిరితిత్తులను చీల్చగలదనీ శిక్షకుడు వివరించాక, శ్వాస ఆగకుండా చూసుకోవడమే పనిగా పెట్టుకొన్నాను.

నాలుగు సముద్ర డైవ్‌లు పూర్తయి డైవింగ్ అర్హత కార్డు చేతికి వచ్చిన తరువాత, ఆ ద్వీపం తీరంలోనే ఉన్న మంటా బేకు వెళ్లాము. లోతుల నుండి చల్లని నీరు పైకి ఉబికే తీరం కావడంతో, ఉష్ణమండలమైనా మందపాటి వెట్‌సూట్‌లో సైతం వణుకు పుట్టింది. ఏనుమాముల మార్కెట్టులో మిర్చి బస్తాలపై కప్పిన టార్పాలిన్ గాలికి లేచినట్లు, మంటా రే అనే పెద్ద చదునైన చేప ఒకటి నోరు తెరిచి, నీటిలో తేలే సూక్ష్మజీవులైన ప్లాంక్టన్‌ను వడగట్టుకొంటూ నా మీదుగా సాగింది. దాని తోకకు ముల్లు ఉండదు. తెల్లని కడుపు మీది నల్ల మచ్చలు మాత్రం మన వేలిముద్రల వలె ఒక్కొక్క దానికి ఒక్కొక్క తీరుగా ఉంటాయి. ఆ మచ్చలు చూస్తూ నేను ఊపిరి బిగబట్టాను. నడుముకు మళ్లీ బెండు కట్టినట్లు శరీరం మెల్లగా దానివైపే లేవసాగింది. గైడు నా కాలికున్న ఫిన్ పట్టి ఆపి, అరచేతిని కిందికి చూపగా, గాలి వదిలి దిగాను.

తిరిగి వస్తూ శరీరంలో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవడానికి 5 మీటర్ల లోతున 3 నిమిషాలు ఆగాము. పడవలో లాగ్‌బుక్ తీసి, కనిపించిన మంటాలు మూడు అని రాయబోతే, చలికి వేళ్లు వణికి అంకె సరిగా పడలేదు.