పాత తెరచాప పడవ మరమ్మతు: డెక్ పని ఎంతవరకు వచ్చింది

పడవలోనే నివసిస్తూ దానిని బాగుచేసుకునేవారు అన్నిటికంటే ముందు తేల్చుకోవలసినది పనుల వరుస. లోపలి చెక్కపనికి వార్నిష్ వేయాలనీ, పరుపులకు కొత్త గుడ్డ కుట్టించాలనీ, వంటగట్టు మార్చాలనీ మనసు తొందరపెడుతుంది; కాని పైనుంచి నీరు దిగుతున్నంతకాలం ఆ పనుల్లో ఏదీ నిలవదు. అందుకే ఈ విడత నా శ్రమంతా డెక్ (పడవ పైతలం) మీదనే పెట్టాను. మాస్ట్ (తెరచాప స్తంభం) పాదం చుట్టూ ఉన్న భాగమూ, ఎడమవైపు నడిచే దారీ పూర్తయ్యాయి; కుడివైపు సగం మిగిలింది.

ఇది 1970లలో కట్టిన ఫైబర్‌గ్లాస్ పడవ. ఆ కాలపు పడవలు చాలావాటిలో లాగే దీని డెక్ కూడా రెండు పలుచని ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్కను ఉంచి తయారుచేసినదే. బాల్సా చాలా తేలిక. నారలు నిలువుగా ఉండేలా కోసి పేర్చినప్పుడు అది రెండు పొరలనూ ఎడంగా పట్టి ఉంచి, తక్కువ బరువుతోనే దృఢమైన డెక్‌ను ఇస్తుంది. చెక్క పొడిగా ఉన్నంతకాలం ఈ నిర్మాణంలో లోపమేమీ లేదు. చిక్కంతా డెక్‌కు బిగించిన సామగ్రి దగ్గరే వస్తుంది. రెయిలింగు కమ్మీలు, వించ్‌లు (తాళ్లను చుట్టి లాగే చక్రాలు), క్లీట్‌లు (తాళ్లు కట్టే కొక్కేలు) బిగించిన ప్రతి బోల్టుకూ ఒక రంధ్రం ఉంటుంది. దాని చుట్టూ నీరు దిగకుండా పూసిన సీలెంట్ ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి పగులుతుంది. ఆ సందులోంచి నీరు నేరుగా చెక్కలోకి దిగుతుంది. ఉప్పునీటికంటే వాననీటితోనే చెక్క త్వరగా కుళ్లుతుంది కనుక, కదలకుండా కట్టి ఉంచిన పడవకు కూడా ఈ బెడద తప్పదు.

ఎక్కడ కోయాలో తెలుసుకోవడానికి చిన్న సుత్తి పిడితో డెక్ అంతా అంగుళం అంగుళం తట్టి చూశాను. గట్టి చోట శబ్దం స్పష్టంగా మోగుతుంది, కుళ్లిన చోట మందంగా వస్తుంది. తేమ మీటర్ కూడా ఉపయోగపడుతుంది కాని, కింద లోహపు ముక్క ఉన్నా, పైపొర తడిగా ఉన్నా అది ఎక్కువ చూపుతుంది. దాని మాటను ఒంటరిగా నమ్మకూడదు. సందేహం ఉన్న చోట లోపలివైపు నుంచి, పైపొరకు తగలకుండా, చిన్న రంధ్రం వేసి డ్రిల్లు వెంట వచ్చే పొట్టును చూడటమే తుది పరీక్ష: లేతరంగు పొడి పొట్టు వస్తే చెక్క బాగున్నట్టు, నల్లని తడి పిప్పి వస్తే కోయవలసిందే. ఇంకొక మాట: కాబిన్‌లో చుక్క పడుతున్న చోటుకు సరిగ్గా పైన రంధ్రం ఉండాలని లేదు. నీరు లోపలి కప్పు పలకల మీదుగా చాలా దూరం పాకుతుంది. పలకలు విప్పి, ప్రతి బోల్టు కింద ఒక కాగితపు ముక్క అంటిస్తే, వాన వెలిశాక తడిసిన ముక్కే కారుతున్న బోల్టును చూపుతుంది.

కోత విషయంలో పైనుంచి పనిచేయడాన్నే ఎంచుకున్నాను. కింది నుంచి చేస్తే డెక్ పైనున్న గరుకు నమూనా చెడదన్నది నిజమే, కాని తల పైకెత్తి రెసిన్ (ఆరాక గట్టిపడే జిగురు ద్రవం) పూయడం, అది మీద కారడం, బరువు పెట్టి అదిమే వీలు లేకపోవడం నాకు ఒప్పుదల కాలేదు. రంపపు లోతును పైపొర మందానికి మాత్రమే సరిచేసుకుని కోసి, పొరను లేపి, తడిసిన బాల్సాను ఉలితో తీసివేశాను. చాలాచోట్ల అది నానిన అట్టలా చేతికే ఊడివచ్చింది. పొడి చెక్క తగిలేదాకా తీస్తూనే పోవాలి, ఇక్కడ రాజీపడితే మిగిలిన తేమ కొత్త చెక్కలోకి చేరుతుంది. కింది పొర పూర్తిగా ఆరాక గరుకు కాగితంతో రుద్ది, కొత్త బాల్సాకు ముందు పలుచని ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెసిన్) తాగించి, ఆ తర్వాత చిక్కని ఎపాక్సీలో పరిచి, పైన పాలిథిన్ వేసి బరువులు పెట్టాను. పైపొరను తిరిగి అతికేటప్పుడు కోత అంచులను రెండువైపులా వాలుగా అరగదీయాలి. మందానికి 12 రెట్ల వాలు మంచిది. అంటే 4 మిల్లీమీటర్ల పొరకు ఒక్కో వైపు దాదాపు 5 సెంటీమీటర్లు. ఆ వాలులో ఒకదానికంటే ఒకటి వెడల్పైన గ్లాస్ గుడ్డ పట్టీలు పడతాయి.

ఎపాక్సీ గురించి మూడు జాగ్రత్తలు. లోతైన పాత్రలో కలిపి ఉంచితే అది తన వేడికి తానే మరిగి గట్టిపడుతుంది, కనుక కొద్దికొద్దిగా కలిపి వెడల్పాటి పళ్లెంలో పోసుకోవాలి. ఆరిన తర్వాత పైన తేలే జిడ్డు పొరను నీటితో కడగకుండా తర్వాతి పూత వేస్తే అది పట్టదు. ఎండకు ఎపాక్సీ చెడుతుంది, అందువల్ల పైన పెయింట్ తప్పనిసరి.

బోల్టు రంధ్రాలన్నిటినీ అవసరమైన దానికంటే పెద్దవిగా తొలిచి, కింద టేప్ అంటించి, చిక్కని ఎపాక్సీతో నింపి, ఆరాక అసలు కొలతకు మళ్లీ తొలిచాను. దీనివల్ల సీలెంట్ ఎప్పుడైనా వదిలినా నీరు చెక్కను తాకదు. బిగింపుకు బ్యూటైల్ టేప్ (గట్టిపడని మెత్తని రబ్బరు పట్టీ) వాడాను. రంధ్రం పై అంచును కొద్దిగా గిన్నెలా చెక్కి, బోల్టు మెడకు బ్యూటైల్ చుట్టి, బోల్టును తిప్పకుండా నట్‌ను మాత్రమే, కొన్ని రోజులపాటు కొంచెం కొంచెంగా బిగించాలి. రేపు విప్పవలసిన సామగ్రికి పాలీయురెథేన్ జిగురు వాడటం నాకు సమ్మతం కాదు. అది పొరను పెకలించనిదే వదలదు. సిలికాన్ అయితే మరీ వద్దు, అది మిగిల్చిన మరక మీద పెయింట్ నిలవదు.

డెక్ తెరిచినప్పుడే చైన్‌ప్లేట్‌లను కూడా బయటికి తీశాను. మాస్ట్‌ను పట్టి ఉంచే తీగల భారమంతా మోసే ఈ స్టెయిన్‌లెస్ పట్టీలు డెక్‌లో దాగిన చోట, గాలి తగలక నిలిచిన తేమలో, పైకి కనిపించకుండా తినబడతాయి. గోధుమరంగు మరకలూ, రంగుద్రవంతో బయటపడిన వెంట్రుకవాసి పగుళ్లూ ఉన్నవాటిని మార్చివేశాను.

నివాసం మాట చెప్పాలంటే, నేను పాటించిన నియమం ఒక్కటే: సాయంత్రానికి మూసివేయగలిగినంత భాగాన్నే ఉదయం తెరవడం. తెరచాప అడుగు కొయ్య మీదుగా ఏటవాలుగా కట్టిన టార్పాలిన్ వానను ఆపింది. ఫైబర్‌గ్లాస్ పొడి మాత్రం పడక దగ్గరికి రాకూడని వస్తువు. రంపం పక్కనే వ్యాక్యూమ్ క్లీనర్ పట్టి, మాస్కు వేసుకుని, హాచ్‌లకు (డెక్ మీది మూత తలుపులకు) పాలిథిన్ అంటించి, పక్కబట్టలను సంచుల్లో కట్టి, ముందు భాగంలో పని ఉన్నప్పుడు వెనుక, వెనుక పని ఉన్నప్పుడు ముందు పడుకున్నాను. కారడం ఆగాక కూడా తెల్లవారి లోహపు చట్రాల మీద కనిపించే నీరు ఊపిరి, వంట ఆవిరి చల్లబడి పట్టినది. పరుపు కింద గాలి ఆడేలా చెక్క పట్టీలు వేసి, గాలి గొట్టాలు తెరిచి ఉంచితే అది చాలావరకు తగ్గింది.

కుడివైపు పూర్తయ్యాక పడవను ఒడ్డుకు ఎక్కించాలి. అప్పుడు తాము తరిగిపోతూ మిగతా లోహాన్ని కాపాడే జింక్ ఆనోడ్‌లు సగం తరిగాయేమో చూసి మార్చాలి, నీటిమట్టం కింద ఉన్న వాల్వ్‌లన్నిటినీ గీకి చూడాలి. ఇత్తడి గులాబీరంగుకు తిరిగి ఉంటే అందులోని జింక్ కరిగిపోయినట్టే. అటువంటి ప్రతి వాల్వ్ స్థానంలో కంచుది బిగించే దాకా పడవను నీటిలోకి దించను.