నీలూ ఇవాళ తిన్నాడు

ఐదు రోజులుగా మా ఫైటర్ చేప నీలూ ఏమీ తినలేదు. మేత గింజ వెయ్యగానే పైకొస్తాడు, నోట్లో పెట్టుకుంటాడు, ఉమ్మేస్తాడు. ఉమ్మిన ప్రతిసారీ నా ప్రాణం ఉసూరుమనేది. కొన్నచోట ‘ఫైటర్ ఫిష్ ఏదేసినా తింటుంది’ అన్నారు. అది నిజం కాదు. ఫైటర్ ఫిష్, అంటే బెట్టా, మాంసాహారి. థాయ్‌లాండ్ వరి మళ్లలో దోమ పిల్లల్ని, పురుగుల్ని పట్టి తినే జాతి. దాని నోరు పైకి తిరిగి ఉండేదే నీటి మీద పడ్డదాన్ని అందుకోవడానికి.

ముందు నీళ్లు చూశాను. డిసెంబరు కదా, మా విశాఖ ఎంవీపీ కాలనీలో కూడా తెల్లవారుజామున చలే. థర్మామీటర్ పెడితే 22 డిగ్రీలు! వాడికి 25 నుంచి 27 ఉండాలి. నీళ్లు చల్లబడితే అరుగుదల మందగించి ఆకలి చచ్చిపోతుంది, పాపం. చిన్న హీటర్ పెట్టాను.

ఇవాళ పొద్దున్న ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్స్ (గడ్డకట్టించిన ఎర్ర పురుగులు) చిన్న ముక్క తీసి, ట్యాంకు నీళ్లలోనే కరిగించి, ఒక్క ఎర్ర పురుగుని ట్వీజర్‌తో పట్టుకుని వాడి ముందు మెల్లగా ఆడించాను. ‘ఏటే, ఇంకా తిన్లేదా?’ అని అమ్మ వంటింట్లోంచి అడుగుతుండగానే టక్కున లాక్కున్నాడు! ఈసారి ఉమ్మలేదు. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి.

మూడు పెట్టి ఆపేశాను. వాడి పొట్ట చాలా చిన్నది, ఎక్కువైతే ఉబ్బిపోతుంది. రేపట్నుంచి గింజల్ని ఆ పురుగులు కరిగిన నీళ్లలో నానబెట్టి, ఆ వాసనతో అలవాటు చేస్తాను.

అమ్మ పొయ్యి కట్టేసి వచ్చి ట్యాంకు పక్కనే కూర్చుంది.